నడవనంత కాలం నాణ్యమైన మోకాలు

మన పరిశోధనశాల తయారుచేసిన లోహపు మోకాలికి తుప్పు పట్టదని ఇందుమూలంగా సగర్వంగా ప్రకటించడమైనది. షరతు ఒక్కటే, దాన్ని వాడకూడదు.

ఈ సంగతి మొదట తెలిసింది తుప్పు విభాగం పరిశోధకురాలికి. లోహపు బిళ్లను ఒంట్లో ఉండేలాంటి ఉప్పునీటిలో ముంచి, తీగలు తగిలించి, దాని వోల్టేజి చూడటం ఆవిడ పని. ఊరికే ఉంచితే బిళ్ల మీద తుప్పును అడ్డే, కంటికి కనిపించని పొర కట్టుకుని, తెరమీది వోల్టేజి గీత మీటింగులో అధికారిలా నిశ్చలంగా ఉండేది. మోటారు తిప్పే గట్టి గుండుతో రుద్దడం మొదలెట్టగానే పొర లేచిపోయి, గీత దభీమని పడేది, లోహం నీళ్ళలో కరిగేది. రుద్దడం ఆపితే మళ్ళీ పెద్దమనిషే!

"గీత పడిపోతోంది సార్" అందావిడ డైరెక్టరుగారితో.

"రుద్దితే ఎవరైనా పడతారమ్మా. రుద్దకు."

"మోకాలు కదా సార్, నడిస్తే రాసుకుంటుంది."

"నడవడం రోగి సొంత నిర్ణయం. దానికి మనమేం చేస్తాం?"

వెంటనే నిపుణుల సంఘం కూర్చుంది. కూర్చోవడంలో ఆ సంఘానికి సాటి లేదు. తుప్పు కన్నా తుప్పును చూపించడమే పెద్ద తప్పని తేల్చి, రుద్దే మోటారును శబ్దకాలుష్యం కింద ఊడబీకించింది. ఆపైన గీత ఎంత నిలకడగా నిలిచిందంటే, ఫ్రేము కట్టించి సభామందిరం గోడకెక్కించారు.

ఆవిడ మాత్రం ఆ సాయంత్రమే ఇంటికి పరుగెత్తింది. ఆ మోకాలు మొదట పెట్టేది స్వయానా ఆవిడ అత్తగారికే. "మా ఇంటి మనిషికే పెడుతున్నాం" అని చెప్పుకోవడానికి డైరెక్టరుగారు ఏరికోరి ఎంచారు.

"వద్దత్తయ్యా, నడిస్తే అది కరుగుతుంది."

"అంతమంది పెద్దలు బాగుందన్నారుగా! నేను నడవడం నీకిష్టం లేదని చెప్పరాదూ?"

ఆవిష్కరణ సభలో డైరెక్టరుగారు గర్జించారు. "ఈ మోకాలు సముద్రంలో పడేసినా చెక్కుచెదరదు!"

అత్తగారు వేదిక మీది కుర్చీలోంచే అడిగింది. "నేను సముద్రంలో పడబోవడం లేదు బాబూ. వంటింటిదాకా వెళ్ళాలి. నడవచ్చా?"

డైరెక్టరుగారు గోడమీది గీత వైపు చూశారు. "హాయిగా కూర్చోవచ్చమ్మా!"

"కూర్చోవడానికి ఈ పాతవి చాలు నాయనా. పాపం, కోడలు చెబితే సాధింపనుకున్నాను" అని కోడలి భుజం పట్టుకుని, మూలుగుతూ మెట్లు దిగి వెళ్ళిపోయింది.

డైరెక్టరుగారు తడుముకోకుండా తర్వాతి రోగిని వేదికపైకి ఎత్తించారు. సభ యావత్తూ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. లేచిన మోకాళ్ళన్నీ, మనవి చేస్తున్నాను, మనవే. పుట్టుకతో వచ్చినవే.