హారను ఉండగా బ్రేకులెందుకు?

నా మాట రాసిపెట్టుకోండి. కారుకు మంచి బ్రేకులుండటం కంటే ప్రమాదం మరొకటి లేదు!

నవ్వకండి. ఇరవై రెండేళ్లుగా రాజమండ్రి వీధుల్లో కారు నడుపుతున్న అనుభవంతో చెబుతున్నాను. మన కార్లను ఆపేది బ్రేకు కాదు, హారను. మనం మోగిస్తాం, అవతలివాడు ఆగుతాడు. అరిగేవి అతని బ్రేకులు. ఇంత చక్కటి ఏర్పాటు ఇంకెక్కడైనా ఉందా? అందుకే నా పాత కారుకు లారీ హారను బిగించాను. అది మోగితే దేవీచౌక్‌లో పావురాలన్నీ ఒక్కసారి లేస్తాయి. మరి బ్రేకు సంగతంటారా? పెడల్ ఉంది. తొక్కితే కాస్త ఆలోచించుకుని ఆగుతుంది.

ఈ సత్యం మా పక్కింటి గణేష్‌బాబు బుర్రకెక్కలేదు.

అతను ఎర్రటి సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారొకటి కొన్నాడు. కొన్న నెలకే ఒక గేదె వచ్చి అతని కాపురంలో చిచ్చు పెట్టింది. కోరుకొండ రోడ్డు మీద అడ్డం వచ్చింది. కారు ఆగడమైతే ఆగింది గాని, ఆగేసరికి పక్క సీట్లో ఉన్న భార్య హారతికి గేదె కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా కనిపించాయి. ఆగమన్నప్పుడు ఆగేదాకా ఈ కారెక్కనని ఆవిడ తేల్చిచెప్పేసింది. మర్నాటి నుంచి పాఠాలు చెప్పడానికి బడికి బస్సులోనే వెళ్తోంది. ఆరు నెలలు! పక్క సీట్లో మనిషే లేకపోతే స్పోర్ట్స్ కారు ఎవరికి చూపించుకోవాలి?

నా దగ్గరకొస్తే ఓ లారీ హారను ఇప్పించేవాణ్ణి. అతను మెకానిక్ ఎజ్రా దగ్గరకు వెళ్ళాడు. ఈ కారును లాగేవి ముందు చక్రాలు, ఇంజనూ ముందే, బ్రేకు తొక్కితే బరువంతా ఇంకా ముందుకొస్తుంది, కాబట్టి ఆపే భారం దాదాపు ముందు బ్రేకులదే అని ఎజ్రా వివరించాడు. లాగేవీ ముందు చక్రాలే, బండిని తిప్పేవీ అవే, ఆపేవీ అవే. హారతి విని, మా ఇంట్లో ఆ ఉద్యోగం నాదేనంది.

ముందు చక్రాలకు పెద్ద బ్రేకు డిస్కులు తెప్పించారు. అవి పాత చక్రాల్లో పట్టలేదు. చక్రాలు మార్చారు. వాటికి టైర్లు మార్చారు. డిస్కుల్ని నొక్కి ఆపే కొత్త ప్యాడ్లు వాటికి అలవాటు పడాలట. అందుకని ఖాళీ రోడ్డు చూసుకుని ఎనభైలో వెళ్ళడం, పదికి తగ్గించడం, మళ్ళీ ఎనభై. ఇలా ఇరవై సార్లు. పొలాల్లో ఉన్నవాళ్ళు కారుకేదో అయిందనుకుని పాపం తోయడానికొచ్చారు. చివరికి ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. వెనక వైపు సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఇది గుర్తుంచుకోండి.

ఆదివారం కోరుకొండ నరసింహస్వామి దర్శనానికి రెండు కార్లలో బయలుదేరాం. హారతి ఎక్కింది! ముందు వాళ్ళు, వెనక నేను, నా పక్కన మా ఆవిడ సూర్యకళ. కాస్త దూరంగా పోనివ్వమని సూర్యకళ రెండుసార్లు చెప్పింది. హారను ఉండగా దూరమెందుకు?

ముందు కారులో జరిగింది తర్వాత తెలిసింది. గణేష్‌బాబు బయలుదేరింది మొదలు డిస్కుల గొప్పతనం చెబుతూనే ఉన్నాడు. హారతికి మధ్యలో ఏదో అడగాలనిపించింది. ఎదుటివాళ్ళ మాటకు అడ్డం వెళ్ళాలంటే మన వైపు ఏమంటాం? ఆవిడా అదే అంది.

"ఆగండాగండి."

ఆరు నెలలుగా ఆ మాట కోసమే కాచుకున్న మనిషి! పైగా ఒకసారి కాదు, రెండుసార్లు అంది. ఉన్న బలమంతా పెట్టి తొక్కాడు. గేదె కాదు కదా, కోడిపిల్ల కూడా అడ్డం లేని రోడ్డు మీద కారు ఉన్నచోటే ఆగిపోయింది.

నేను హారను కొట్టాను. నా జన్మలో అంత గట్టిగా ఎప్పుడూ కొట్టలేదు. పెడల్ కూడా తొక్కిన గుర్తు. అది ఆలోచించుకునేలోపే నా బానెట్టు వెళ్ళి అతని డిక్కీలో దూరింది. హారను ఇరుక్కుపోయి మోగుతూనే ఉంది.

చూశారా? అతనికి మంచి బ్రేకులు లేకపోతే ఈ ప్రమాదం జరిగేదా?

దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బలు తగల్లేదు. హారతి దిగి నలిగిన డిక్కీని చూసింది. ఇక ఈ జన్మలో ఎక్కదని గణేష్‌బాబు మొహం వేలాడేశాడు.

"ఆగిందండి," అంది హారతి. "రేపట్నుంచి మీ కారులోనే బడికి వెళ్తాను."

అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ నా వైపు తిరిగి, హారను మోతలో నాకు వినబడేలా గొంతు పెంచింది.

"అన్నయ్యగారూ, వదినగారు ఇన్నేళ్ళు మీ పక్కన ఎలా కూర్చున్నారండి?"

జవాబు కోసం సూర్యకళ వైపు చూశాను. సీటు ఖాళీగా ఉంది. రోడ్డు పక్కన నిలబడి బస్సుకు చెయ్యెత్తుతోంది. చెయ్యెత్తగానే అది ఆగింది. హారను కూడా కొట్టలేదు.

మంచి బ్రేకులు ప్రమాదమని ఇప్పటికీ అంటాను, వెనకవాడికి అవి లేనప్పుడు. ఈ నాలుగు ముక్కలూ ఎజ్రా షెడ్డులో బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. మా ఆవిడ ఇంకా బస్సులోనే తిరుగుతోంది. నా కంటే ముందు ఇక్కడ పదకొండు కార్లున్నాయి. అన్నిటికీ నలిగింది ముందు భాగమే. హారన్లు మాత్రం అన్నీ బ్రహ్మాండంగా మోగుతున్నాయి.