టికెట్టు లేని తలుపు

పదింటికి రికార్డు గదిలోంచి ఒక ఫైలు తీసిచ్చి, పదకొండుకల్లా కూతురి స్కూలు సీటు ఇంటర్వ్యూకి చేరుకోవాలని పురపాలక గుమస్తా ఆ ఉదయం అనుకున్నాడు. తల్లీ తండ్రీ ఇద్దరూ రాకపోతే సీటు లేదని స్కూలువాళ్ళు ముందే చెప్పారు. గదిలోకి వెళ్ళాడు. వెనకే తలుపు పడింది. లాగితే పిడి ఊడి చేతికొచ్చింది.

ఆర్నెల్ల క్రితమైతే ఇదొక విషయమే కాదు. కేకేస్తే ఆఫీసు వడ్రంగి వచ్చి, నాలుగు మరలు తిప్పి, టీ తాగి పోయేవాడు. ఇప్పుడు ఎనిమిది ఊళ్ళ ఆఫీసులకీ కలిపి ఒకే ఉమ్మడి సేవా కేంద్రం పెట్టారు. వడ్రంగి కూర్చునే బల్ల అదే, గది అదే. మనిషి మాత్రం కేంద్రం సొత్తయిపోయాడు. కంప్యూటర్లో ఫిర్యాదు పెట్టి, దానికి టికెట్టు నంబరు రానిదే మేకు కూడా ముట్టుకోకూడదు.

అయినా కేక విని వచ్చాడు పాపం.

"బావా, జేబులో స్క్రూడ్రైవరుందిగా, తియ్యి."

"ఉంది బావా. నంబరే లేదు. మొన్న కుర్చీ కాలు అతికించినందుకే మెమో ఇచ్చారు."

ఎవరి టికెట్టు వాళ్ళే, వాళ్ళ కంప్యూటరు నుంచే పెట్టాలి. గుమస్తా కంప్యూటరేమో బయటుంది. గత్యంతరం లేక పాస్‌వర్డు తలుపు సందులోంచి అరిచాడు. అది కూతురి ముద్దుపేరు. క్యూలో జనం నవ్వారు. టైపిస్టమ్మ అతని సీట్లో కూర్చుని ఎంత వెతికినా ఫిర్యాదుల జాబితాలో తలుపు లేదు, బీరువా ఉంది. అదే నొక్కింది. బీరువాలో మనిషెలా పట్టాడని కేంద్రం అడిగింది. ఆవిడ ఓపిగ్గా వివరించింది. మూడు పనిదినాల్లో చూస్తామన్నారు.

పదకొండున్నరకి భార్య ఫోను చేసింది.

"మన పేరు పిలిచేశారండీ. నేనూ పిల్లా గేటు దగ్గరున్నాం."

ఆ గొంతులో కోపం లేదు. అదే అతని ప్రాణం తీసింది. లోపలి నుంచి ఏడుపు వినిపించేసరికి వడ్రంగి ఇక ఉండబట్టలేకపోయాడు. అర నిమిషంలో తలుపు తెరిచాడు.

పరుగెత్తుకెళ్ళి బతిమాలితే స్కూలువాళ్ళు కాస్త కరిగారు. నిజంగా ఇరుక్కున్నట్టు కాగితం తెస్తే శుక్రవారం పదకొండుకి ఆఖరి అవకాశం ఇస్తామన్నారు. కాగితం ఇవ్వాల్సింది కేంద్రమే. తెరిచి ఉన్న తలుపుని చూసి ఏమని రాసివ్వాలని వాళ్ళ బాధ. శుక్రవారం పొద్దున తనిఖీకి వస్తాం, తలుపు మునుపటిలా బిగించి, ఫిర్యాదుదారుణ్ణి లోపల ఉంచమన్నారు.

శుక్రవారం తొమ్మిదింటికి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, గుమస్తా తనంతట తనే లోపలికి వెళ్ళాడు. వడ్రంగి తలుపు బిగించాడు.

"ఎన్నింటికి వస్తారట బావా?"

వడ్రంగి ఫోను తీసి చూశాడు. ఇంకోసారి చూశాడు.

"పదకొండుకట బావా."

బిగించడానికి నంబరు వచ్చింది. విప్పడానికి ఇంకా రాలేదు.