మర్యాద వారోత్సవం

"మన జిల్లా ఆసుపత్రిలో రోమా రోగుల పట్ల వివక్ష అన్నది గత చరిత్ర. రేపటి నుంచి మర్యాద వారోత్సవం!" అని డైరెక్టరు గారు రేడియోలో ప్రకటిస్తున్న ఆ శుభఘడియలో, స్లొవాకియా తూర్పు కొసన, జనం జిప్సీలని పిలిచే రోమాల పేటలో మార్గితా ఆసుపత్రికని సంచీ సర్దుతోంది. ఆమె భర్త గెయ్జా గుండె పట్టుకుని మంచం అంచున కూర్చున్నాడు.

ఆమె సంచీలో రొట్టె పెట్టింది. రెండు తువ్వాళ్ళు పెట్టింది. తెల్లది ముఖానికి, ఎర్రంచుది నడుము కిందికి. ఆ రెండింటినీ రోమాలు ఒక నీళ్ళలో తడపరు, ఒక తీగ మీద ఆరెయ్యరు. కలిస్తే మైల.

"నన్ను కూడా మడతపెట్టి అందులో వేసెయ్. మోసుకుపోదువుగాని," అన్నాడు గెయ్జా.

"బయల్దేరే వేళ అవేం మాటలు?" అని కసిరింది మార్గితా. సంచీ సర్దడమంటేనే ఆమెకు భయం. ఇదివరకు ఆసుపత్రికని సర్దిన సంచీలు చాలావరకు, వెళ్ళినవాళ్ళలాగే, తిరిగి రాలేదు.

ఆసుపత్రిలో మర్యాద ముందు రోజు నుంచే మొదలైపోయింది. రోమాలను ఇకపై 'నువ్వు' అనరాదు, 'మీరు' అనాలి అని సిబ్బందికి శిక్షణ ఇచ్చారు. అందులో మొదటి బహుమతి కొట్టేసిన నర్సు వ్లాస్తా గుమ్మంలోనే ఎదురైంది.

"ఏయ్, మీరు ఇటు రా! అరవకు మీరు!"

"అరవలేదమ్మా, దగ్గాడు," అంది మార్గితా.

"మీవాళ్ళ దగ్గు కూడా అరుపే. సంచీలో రెండు తువ్వాళ్ళేంటి? రెండోది ఎక్కడ ఎత్తుకొచ్చావు మీరు?"

డాక్టరు గారు గెయ్జాను గుమ్మం నుంచే పరీక్షించారు. నొప్పిని పెద్దది చేసి చెప్పడం వీళ్ళ సంస్కృతి అనీ, సంస్కృతిలో జోక్యం చేసుకోకూడదనీ ఆయన అభిప్రాయం. గుండె పరీక్ష కాగితం చేతికొచ్చాక మాత్రం ఆయన మొహం మారింది.

"పెద్దాసుపత్రికి పంపాలి. అంబులెన్సు సిద్ధంగా ఉంది. ఉపమంత్రి గారు వచ్చి చూసి వెళ్ళగానే పంపిస్తాం."

"ఇప్పుడే పంపండి బాబూ, ఊపిరాడటం లేదు."

"రోగిని పంపేస్తే మర్యాద ఎవరికి చెయ్యాలమ్మా?" అన్నారు డైరెక్టరు గారు న్యాయంగా.

బుధవారం ఉపమంత్రి గారు కెమెరాలతో వచ్చారు. ముఖం తుడిచే దృశ్యం కావాలన్నారు. రోగి సొంత తువ్వాలు వాడితే సంస్కృతిని గౌరవించినట్టు ఉంటుందని వ్లాస్తా సంచీలోంచి ఒకటి లాగింది. ఎర్రంచుది. కెమెరాలో రంగు బాగుంటుందని ఫొటోగ్రాఫరు మెచ్చుకున్నాడు.

"అది కాదమ్మా! అది కిందిది!" అని గుమ్మంలోంచి అరిచింది మార్గితా.

"మీరు నోరు ముయ్," అన్నాడు కాపలావాడు ఎంతో వినయంగా.

తడి తువ్వాలు ముఖం దాకా రాగానే గెయ్జా ఉన్న బలమంతా కూడదీసుకుని వ్లాస్తా చెయ్యి తోసేశాడు.

"ఏమిటిది?" అన్నారు ఉపమంత్రి.

డైరెక్టరు గారు తడుముకోలేదు. "చికిత్స నిరాకరణ సార్. అది రోగి హక్కు. మేము హక్కులను గౌరవిస్తాం."

ఉపమంత్రి గారి కళ్ళు చెమర్చాయి. అందరూ చప్పట్లు కొట్టారు. వద్దన్న మనిషిని అంబులెన్సు ఎక్కిస్తే బలవంతం చేసినట్టవుతుంది కనుక, అందులో ఉపమంత్రి గారికి వచ్చిన పూలబుట్టలు వెళ్ళాయి.

మార్గితా వ్లాస్తా కోటు పట్టుకున్నంత పని చేసింది. "ఆయన వద్దన్నది తువ్వాలునమ్మా, వైద్యాన్ని కాదు!"

"నాకు అర్థమైంది లెండి. మీవాళ్ళకి శుభ్రం పడదు."

వారోత్సవం ముగింపు సభలో ఆసుపత్రికి జ్ఞాపిక ఇచ్చారు. వారమంతా ఒక్క రోమాను కూడా ఎవరూ 'నువ్వు' అనలేదట. ఆ సాయంత్రం వ్లాస్తా సంచీ తెచ్చి మార్గితా చేతిలో పెట్టింది.

"ఇదిగో, మీ సంచీ. మీరు తీసుకో."

రొట్టె అలాగే ఉంది. తువ్వాళ్ళు రెండూ ఒకే తడి ముద్దగా ఉన్నాయి.

గెయ్జా తిరిగి రాలేదు. బుధవారం మధ్యాహ్నం, పూలబుట్టలు వెళ్ళిన కాసేపటికి పోయాడు.