నేలమట్టమైన మూడో అంతస్తు

"అసాధ్యం అనే మాటకు మా శాఖలో చోటు లేదు" అని నీటి సరఫరా మంత్రిగారు సోమవారం ప్రకటించారు. నిజమే. ఆ శాఖలో కుర్చీలకే చోటు లేదు.

అక్కా నేనూ ఉండేది ప్రభుత్వ క్వార్టర్ల మూడో అంతస్తులో. మా కుళాయిలో గాలి ఇరవై నాలుగ్గంటలూ ధారాళంగా వస్తుంది. నీళ్లు మాత్రం కింది అంతస్తు దగ్గరే ఆగిపోతాయి. ఇంట్లో మా పని విభజన ఖచ్చితం: బకెట్లు అక్క మోస్తుంది, అర్జీలు నేను రాస్తాను. ఆవిడ మోకాళ్లు అరిగిపోయాయి కనుక ఈసారి అర్జీ కాస్త పెద్దదే రాశాను.

మర్నాడే ఇంజనీరు వచ్చాడు. పైపంతా తడిమి చూసి, 'మోటారు లేకుండా నీళ్లు మూడంతస్తులెక్కడం అసాధ్యం' అని రాసేశాడు. సాయంత్రానికల్లా బదిలీ అయ్యాడు. పాపం, పాతకాలం మనిషి.

రెండో ఇంజనీరు మేధావి. పైపు వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

"నీళ్లు ఎందాకా వస్తున్నాయి?"

"కింది అంతస్తు దాకానండి."

"అయితే మీరు కింది అంతస్తులో ఉండాలి."

"ఇల్లు మారమంటారా?"

"ఛఛ, మిమ్మల్ని ఇబ్బంది పెడతామా? అంతస్తే మారుస్తాం."

మూడు రోజుల్లో ఉత్తర్వు వచ్చింది: మూడో అంతస్తును ఇకపై కింది అంతస్తుగా పరిగణించవలెను. పెయింటరొచ్చి మా తలుపు మీద 'గ్రౌండ్ ఫ్లోర్' అని రాసిపోయాడు. అసలు కింద ఉండే మాస్టారు సెల్లార్ వాసి అయ్యారు. "మరి నా కిటికీలోకి ఎండెలా వస్తోందండీ?" అని అడిగితే, "అది కరెంటు శాఖ చూసుకుంటుంది" అన్నాడు ఇంజనీరు.

అక్క ఆశగా కుళాయి తిప్పింది. గాలి.

"ఏరా, నీళ్లేవీ?"

"ఉత్తర్వు నిన్ననేగా వచ్చిందక్కా, నీళ్లకి కాపీ అందొద్దూ?"

మా కుళాయి ప్రారంభోత్సవానికి మంత్రిగారు స్వయంగా వచ్చారు. మెట్ల దగ్గర ఆగి తలెత్తి చూశారు.

"అమ్మో, ఇన్ని మెట్లా! ఎక్కడం నా వల్ల కాదయ్యా."

ఇంజనీరు చేతులు కట్టుకున్నాడు. "కింది అంతస్తేనండి సార్."

మంత్రిగారు ఒక్క క్షణం ఆలోచించారు. "అయితే నేను వచ్చేసినట్టేగా!"

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అంతటి బుర్ర అందరికీ ఉండదు.

అక్కను కిందికి పిలిపించారు. మాస్టారి కుళాయికి రిబ్బను కట్టి కత్తిరించారు. బకెట్టు నిండింది, ఫొటోలు తీశారు. మంత్రిగారు ఆప్యాయంగా, "సంతోషమేనా అమ్మా?" అని అడిగి, జవాబుకి టైము లేక కారెక్కారు.

అక్క బకెట్టు ఎత్తుకుని, కింది అంతస్తుకు మెట్లెక్కడం మొదలుపెట్టింది.