చియాంగ్ మాయ్‌లో రోజుకి నలభై డాలర్లు

చవకైన ఊరిని హాయిగా అనుభవించాలంటే ఒకటే మార్గం: అక్కడికి వెళ్ళకూడదు! ఇంట్లో కూర్చుని ఎక్సెల్‌లో బడ్జెట్ వేసుకోవాలి. నమ్మకం లేదా? పిస్కాటవేలో ఉండే మన జగదీష్‌ని చూడండి. థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో ఆరేళ్ళపాటు పైసా వృథా చెయ్యకుండా తిరిగాడు. ఒక్క దోమ కుట్టిందా?

ఈ పుణ్యం అతని భార్య అనురాధది. పెళ్ళయిన దగ్గర్నుంచి సెలవులన్నీ హైదరాబాద్‌లో గృహప్రవేశాలకీ, పరామర్శలకీ సరిపోతున్నాయి. ఎవరింట్లో భోంచెయ్యకపోయినా అలకే. అందుకని రెండువేల ఆరులో ఆవిడ ఒకే ఒక్క కోరిక కోరింది.

"మన చుట్టాలెవరూ లేని ఊళ్ళో పది రోజులుందామండీ. ఎక్కడైనా సరే."

ఎక్కడైనా ఎలా సరే అవుతుంది? జగదీష్ నెట్టంతా గాలించి చియాంగ్ మాయ్ తేల్చాడు. గది పద్దెనిమిది డాలర్లు. రోడ్డు పక్క నూడుల్స్ డాలరుంపావు. షేర్ జీపు అరవై సెంట్లు, నడిస్తే అదీ మిగులు! ఆఫీస్‌కి వెళ్ళిరావడానికి రోజూ అంతకు పదింతలు టోల్ కట్టే మనిషి, ఆ అరవై సెంట్ల మీద ఒక శనివారమంతా తల బద్దలుకొట్టుకున్నాడు. పొద్దున నడక, సాయంత్రం జీపు అని రాజీ కుదిరింది. మొత్తం ఇద్దరికీ రోజుకి నలభై డాలర్లు.

చిక్కల్లా టికెట్లతోనే వచ్చింది. ఇద్దరికీ మూడువేలు! పది రోజులుంటే అన్నీ కలిపి రోజుకి మూడువందల నలభై పడుతోంది. చవక ఊళ్ళో అంత ఖర్చు పెట్టడం ఆ ఊరికే అవమానం కాదూ? నెల ఉంటే నూట నలభై. వంద రోజులుంటే డెబ్బై! కాబట్టి వంద రోజుల సెలవు పోగయ్యేదాకా ఆగడమే తెలివి అనుకున్నాడు. వాడని సెలవుల్లో ఏటా ఐదు రోజులకు మించి దాచుకోనివ్వని కంపెనీ సంగతి ఎక్సెల్‌కేం తెలుసు?

ఏటా అనురాధ అడిగేది. తొందరపడితే సగటు చెడుతుందని ఏటా అతను బుజ్జగించేవాడు. హైదరాబాద్ ప్రయాణానికి మాత్రం సగటు చూసేవాడు కాదు. అది కర్తవ్యం!

కష్టపడేవాణ్ణి దేవుడు ఊరికే వదలడు. రెండువేల పన్నెండులో ఒక శుక్రవారం మేనేజర్ పిలిచి, సోమవారం నుంచి రానక్కర్లేదన్నాడు. వంద కాదు, కావలసినన్ని రోజులు! ఇల్లు గడవాలిగా, అనురాధ ఒక ఫార్మా ల్యాబ్‌లో ఉద్యోగానికి చేరింది.

నాలుగో నెలలో జగదీష్ ఎంతో ప్రేమగా ఆవిడ ముందు షీట్ తెరిచాడు. వంద రోజులు, డెబ్బై డాలర్లు, ఇంతకంటే తగ్గదన్నాడు.

"కొత్తవాళ్ళకి ఐదు రోజులే ఇస్తారట. ఐదింటికి వెయ్యండి," అంది అనురాధ.

వేశాడు. రోజుకి ఆరువందల నలభై.

"ఇప్పుడు ఒక్క మనిషికి వెయ్యండి."

అంకె దాదాపు సగానికి, మూడువందల ముప్ఫైకి దిగింది. ఇంత సులువైన కిటుకు ఆరేళ్ళుగా తనకెందుకు తట్టలేదా అని జగదీష్ తెగ సంబరపడ్డాడు. అందులోంచి తీసేసిన ఖర్చు తనేనని అర్థమయ్యేసరికి, ఆవిడ టికెట్ బుక్ చేసేసింది.