మంత్రి కావలసిన హెక్టర్ గిలీస్

ఏప్రిల్ వచ్చి ప్రైరీ గడ్డిమైదానాల మీద మంచు కరిగింది. ఊరి దారులన్నీ బురద. ఆ ఉదయం హెక్టర్ గిలీస్ ఓట్స్ జావ ముందు కూర్చుని, ఆ రోజు చెయ్యవలసిన పనిని భార్య ఎఫీకి మళ్ళీ మొదటినుంచీ వివరిస్తున్నాడు. పనల్లా ఒక్కటే: మధ్యాహ్నం రెండు గంటలలోపు టౌన్ హాల్లో నామినేషన్ కాగితం మీద సంతకం పెట్టడం.

పన్నెండేళ్ళుగా ఆయన రాష్ట్ర శాసనసభలో వెనక బెంచీ సభ్యుడు. అక్కడ ఆయన చేసిన పనల్లా చెయ్యెత్తడం. ఆడవాళ్ళు కూడా సభకు నిలబడవచ్చన్న బిల్లుకు కిందటేడు "ఎవరు నిలబడతారులే" అని నవ్వుతూనే ఎత్తాడు. ఇన్నాళ్ళకు ముఖ్యమంత్రి కరుణించి వ్యవసాయ శాఖ ఇస్తానన్నాడు. అయితే ఆ రోజుల్లో అక్కడొక పద్ధతి ఉండేది. మంత్రి కాబోయేవాడు ముందు ఉన్న సీటు వదులుకుని, మళ్ళీ జనం ముందుకు వెళ్ళి గెలిచి రావాలి. మామూలుగా ఎవరూ పోటీ చెయ్యరు, గడువు దాటగానే ఏకగ్రీవం. సీటు వదులుకున్న రోజునుంచీ ఆ "మామూలుగా" అన్న మాటే హెక్టర్‌ను నిద్రపోనివ్వడం లేదు.

"కాగితం ఇక్కడే ఉందిగా, సంతకం పెట్టెయ్యరాదూ?" అంది ఎఫీ.

"హాల్లో పెడతా. నలుగురూ చూడొద్దూ?"

"అయితే కుదురుగా కూర్చో, చొక్కా ఇస్త్రీ చేస్తా. అన్నట్టు, స్ట్రాండ్ నిన్న కొత్త టోపీ కొన్నాడట."

హెక్టర్ చేతిలో చెంచా ఆగిపోయింది. నాగళ్ళు అమ్మే ఓరిన్ స్ట్రాండ్ పోయిన ఎన్నికల్లో ఆయన మీద నిలబడి ఓడినవాడు. "టోపీయా? ఇప్పుడెందుకూ?"

"నెత్తిన పెట్టుకోడానికి."

ఆ జవాబు హెక్టర్ చెవికెక్కలేదు. "కాగితం, నువ్వు చేసిన కేకూ పట్టుకుని హాలుకు నడు. నేనిలా వెళ్ళి అలా వచ్చేస్తా!" అంటూ కారెక్కాడు.

దుకాణంలో స్ట్రాండ్ నాగలి కర్రు తుడుచుకుంటున్నాడు.

"ఏం ఓరిన్, నామినేషన్ వెయ్యడం లేదు కదా?"

"నేనా? నాకా ఊసే లేదే." స్ట్రాండ్ మళ్ళీ పనిలో పడి, అంతలోనే తలెత్తాడు. "ఎందుకడిగావ్? వేస్తే గెలుస్తాననా?"

పడుకున్న గాడిదను లేపి తన్నించుకోవడమంటే ఇదే. హెక్టర్ కంగారులో నోటికొచ్చిన అబద్ధం ఆడేశాడు. "నీకెందుకయ్యా శ్రమ! కమ్మరి మికోలా వేస్తున్నాడట. ఓట్లు చీలిపోతాయ్."

స్ట్రాండ్ కొత్త టోపీ పెట్టుకుని తిన్నగా కొలిమికి నడిచాడు. కారు తిప్పుకుని హెక్టర్ చేరేసరికి మికోలా సుత్తి కింద పెట్టేశాడు. అతని కళ్ళలో నీళ్ళు.

"నేను నిలబడాలని జనం అనుకుంటున్నారటగా! ఓడ దిగి వచ్చిన కొత్తలో నన్నొక్కడూ ఇంట్లోకి పిలిచి కూర్చోమనలేదు. ఇప్పుడు ఏకంగా సభలోనే కూర్చోమంటున్నారన్నమాట!"

"అబ్బే, అదేం లేదు మికోలా..."

"లేదా? అంటే నేను పనికిరానా?"

హెక్టర్ అతన్ని పక్కకు లాగి, వాగు మీద కొలిమి దగ్గర వంతెన వేయిస్తానని చెవిలో చెప్పాడు. ఆ వెంటనే స్ట్రాండ్‌ను ఇంకో పక్కకు లాగి, అదే వంతెన అతని గోదాం దగ్గర వేయిస్తానన్నాడు. ఇద్దరూ తమకు చెప్పినదాన్ని ఒకరికొకరు చెప్పేసుకున్నారు.

"ఒక్క వాగుకు రెండు వంతెనలా?" అన్నాడు స్ట్రాండ్. "పద, ఎక్కడేయిస్తావో చూపించు. లేదంటే ఇద్దరం వేస్తాం నామినేషన్లు."

వాగు దాకా కారు బాగానే వెళ్ళింది. అక్కడ చక్రాలు సగానికి పైగా బురదలో దిగబడ్డాయి. ముగ్గురూ గంటల తరబడి తోశారు, తిట్టుకున్నారు, మళ్ళీ తోశారు. కొత్త టోపీ వాగులో కొట్టుకుపోయింది. అంతలో టౌన్ హాలు గంట రెండు కొట్టింది.

హెక్టర్ బురదలోనే చతికిలబడ్డాడు. పన్నెండేళ్ళ ఆశ. అంతలో బుర్రలో ఏదో మెరిసి చటుక్కున లేచాడు. "ఒరేయ్, నేనూ ఇక్కడే, మీరూ ఇక్కడే! అసలెవరూ వెయ్యనే లేదుగా! ఇంకో తేదీ పెట్టి తీరాల్సిందే!"

నడుం దాకా బురదతో హాలుకు చేరేసరికి లోపల చప్పట్లు మోగుతున్నాయి. ఎన్నికల అధికారి పెల్టియర్ కేకు తింటూ ఎదురొచ్చాడు. "రండి, గిలీస్ గారూ! సీటు ఏకగ్రీవం. అభినందనలు!"

"నేను సంతకమే పెట్టలేదే?"

"నువ్వు పెట్టలేదు," అంది ఎఫీ. "గడువు ముంచుకొచ్చింది, నీ జాడ లేదు. నీ సంతకం నేను పెడితే నేరమన్నారు. నా సంతకం నేను పెట్టుకుంటే తప్పులేదన్నారు. ఇంకో కాగితం తీసుకున్నా. నా కేకు తినడానికొచ్చిన వాళ్ళంతా బలపరిచారు."

హెక్టర్ బురద చేతులతోనే ఆ కాగితం అందుకుని చూశాడు; అభ్యర్థి అన్న చోట ఎఫీ పేరే ఉంది.

"మరి వంతెన?" అన్నాడు మికోలా.

"ఒక్కటే వేస్తారు. ఎక్కడన్నది వాగు చూశాక చెబుతా."

"మరి నా సీటూ?" అన్నాడు హెక్టర్ నీరసంగా.

"ఎక్కడికీ పోలేదు. ఇంట్లోనే ఉంది."

సాయంత్రం రైలుకు ఎఫీ రాజధానికి వెళ్ళింది. ఆ పూట గిలీస్ ఇంట్లో ఆవుల పాలు ఎవరు పితకాలన్నది కూడా ఏకగ్రీవంగానే తేలింది.