పేపర్ మీద రెండో పేరు

ఆ శుక్రవారం సంయుక్త వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడున్నరకు అశోక్‌నగర్‌లో బయలుదేరాలి. ఎనిమిదింటికి నారాయణగూడలో కాలేజీ లైబ్రరీ తాళం తీయాలి. పదింటిలోపు కాలేజీ వెబ్‌సైట్‌లో అధ్యాపకుల ప్రచురణల జాబితా ఒకసారి సరిచూసుకోవాలి. ఆ తర్వాత ఒక చాయ్ తాగాలి. పదకొండింటికి తనిఖీ కమిటీ వస్తుంది. వాళ్ళు వచ్చేసరికి తను ఏ పనీ మిగలకుండా, గుండె దడ లేకుండా ఒక మూల నిలబడి ఉండాలి.

ఆమె తల్లి హనుమమ్మ, పోటీ పరీక్షలకు చదివే పిల్లలుండే ఒక హాస్టల్లో వంట చేస్తుంది. ఆ ఇంట్లో డిగ్రీ దాకా వెళ్ళిన మొదటి మనిషి సంయుక్తే. లైబ్రరీ అసిస్టెంటుగా ఆమెది ఏడాది ఒప్పందపు ఉద్యోగం. అది ఈ నెలాఖరుతో అయిపోతుంది. పొడిగించమని కోరిన ఫైలు రెండు నెలలుగా ప్రిన్సిపాల్ గారి బల్ల మీద ఉంది. ఏదో ఒక పని కల్పించుకుని సంయుక్త రోజూ వెళ్ళి దాన్ని చూసి వస్తుంది. మొదట్లో అది అన్నిటికన్నా పైన ఉండేది. తర్వాత దాని మీదికి క్యాలెండర్ వచ్చింది. ఈ మధ్య క్యాలెండర్ మీదికి ఎవరిదో గృహప్రవేశం స్వీటు డబ్బా కూడా వచ్చింది.

"ఇయ్యాల సంతకం అయితదా?" అని హనుమమ్మ ఉప్మా గిన్నె దించుతూ అడిగింది.

"కమిటీ పోయినంక అడుగుత అమ్మా."

"కమిటీ పోయినంక ఆయనకు నువ్వు యాదికుంటవా?"

సంయుక్త చెప్పులేసుకుంది.

లైబ్రరీ దగ్గర ప్రిన్సిపాల్ శ్రీరామమూర్తి గారు ఆమెకన్నా ముందే వచ్చి నిలబడి ఉన్నారు. తాతల కాలంలో గుంటూరు నుంచి వచ్చి చిక్కడపల్లిలో స్థిరపడ్డ కుటుంబం వాళ్ళది. ఆయన సబ్జెక్టు కామర్స్. చేతిలో ఫోను, ఫోనులో వెబ్‌సైట్, అందులో ఆయన పేజీ. పైన కోటు వేసుకున్న ఫొటో ఉంది. కింద ఏమీ లేదు.

"చూడమ్మా, ఫొటో కింద ఇంత తెల్లగా ఉంటే శ్రద్ధాంజలి ప్రకటనలా ఉంది. నా పరిశోధన పేపర్లు రెండున్నాయి కదా, అవి పెట్టేయి. పదకొండులోపు అవుతుందా?"

"అయితది సార్," అంది సంయుక్త.

నిజానికి అది రెండు నిమిషాల పని. రెండు పేపర్ల పేర్లు టైపు చేస్తే సరిపోయేది. కానీ సంయుక్త పద్ధతి తప్పే మనిషి కాదు. వెబ్‌సైట్ చేసిన కంపెనీ ఇచ్చిన సూచనల పుస్తకాన్ని ఆమె మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివింది. కాలేజీలో అలా చదివినది ఆమె ఒక్కతే. జాబితాలను ఏ పేజీకా పేజీ చేత్తో రాయకూడదని అందులో ఉంది. ఒక్కో పేపర్‌ను ఒక్కసారే ఎక్కించాలి, రాసినవాళ్ళ పేర్లకు టిక్కు పెట్టాలి, ఆ తర్వాత ఎక్కడ కావాలంటే అక్కడ సైటే చూపిస్తుంది. ఏడాదిగా ఆమె అధ్యాపకులిచ్చిన ఫారాలు చూసి అలాగే ఎక్కించింది. కాకపోతే ఇంతవరకు శాఖల వారీగానే జాబితాలు కనిపించేవి. ప్రతి మనిషి పేజీలోనూ "వీరి ప్రచురణలు చూపించు" అని ఒక మీట ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

సంయుక్త ప్రిన్సిపాల్ గారి పేజీలో ఆ మీట నొక్కింది.

మొదట సహకార సంఘాల నిర్వహణ మీద పేపర్ వచ్చింది. అది ఆయనదే. తర్వాత దేశీ కోళ్ళ పేగుల్లో నులిపురుగుల మీద ఒకటి వచ్చింది. ఆ వెనకే ఆలుగడ్డ తెగుళ్ళు, బాలింతల ఆహారం, హుస్సేన్‌సాగర్ నీటిలో లోహాలు, జానపద గీతాల్లో అత్తాకోడళ్ళు, సౌర ఫలకాల మీద దుమ్ము వరసగా దిగాయి. సంయుక్త పేజీని కిందికి జరుపుతూనే ఉంది. అట్టడుగున సైటు లెక్క కట్టి చూపించింది: అరవై మూడు. ఆయన కాలు విరిగి ఆరు నెలలు మంచం మీదున్న సంవత్సరంలోనే పందొమ్మిది ఉన్నాయి.

టిక్కులన్నీ ఆమె పెట్టినవే. కానీ వారానికి ఒకటి రెండు ఫారాల చొప్పున పెట్టింది. అన్నిటినీ ఒక్కచోట చూడటం ఆమెకూ ఇదే మొదలు. రెండు తప్ప అన్నిటి మీదా ప్రిన్సిపాల్ గారిది రెండో పేరు.

అప్పుడే జువాలజీ లెక్చరర్ బాలకిషన్ న్యూస్‌పేపర్ చదువుకోవడానికి లైబ్రరీకి వచ్చాడు. సంయుక్త అతనికి తెర చూపించింది. అతను ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. ఏ సెమినార్‌కు పోవాలన్నా, ఏ పేపర్ పంపాలన్నా ప్రిన్సిపాల్ సంతకం కావాలని, సంతకం కోసం పోయేటప్పుడు రెండో పేరు ఆయనది రాసుకుని పోతే పని తొందరగా అవుతుందని చెప్పాడు. రాయమని ఎవరూ అనలేదు. ముందు ఎవరో రాశారు, తర్వాత రాయకపోతే బాగుండదని అందరూ రాశారు.

"మర్యాద తల్లీ. పెండ్లి కార్డు మీద పెద్దోళ్ళ పేర్లు వెయ్యమా? పెండ్లి వాళ్ళు చేసుకుంటున్నరా ఏంది?"

"సార్‌కు తెలుసా ఇదంత?"

"కార్డు మొత్తం ఎవరు చదువుతరు? పేరున్నదా లేదా చూసుకుంటరు, అంతే." తర్వాత అతనే అడిగాడు: "నువ్వొకటి రాసినవ్ గద, మన లైబ్రరీల ఉన్న పాత పత్రికల పట్టిక. దాని మీద సార్ పేరు పెట్టినవా?"

"అది నేనొక్కదాన్నే రాసిన గద సార్."

బాలకిషన్ న్యూస్‌పేపర్ మడిచి చంకలో పెట్టుకున్నాడు. "మరి నీ ఫైలు ఎందుకు కదుల్తలేదో నాకేం తెలుస్తది," అని వెళ్ళిపోయాడు.

సంయుక్త తెర వైపు తిరిగింది. వెంటనే మీట వెనక్కి తిప్పబోయింది. కానీ సైటు అప్పటికే తన పని తాను చేసేసింది. కొత్తగా ఏవైనా ప్రచురణలు కనిపిస్తే మొదటి పేజీలో ప్రకటన వేసి, సిబ్బంది అందరికీ కబురు పంపడం దాని అలవాటు. "శ్రీరామమూర్తి గారి 63 కొత్త ప్రచురణలు" అన్న కబురు అందరి ఫోన్లకూ వెళ్ళింది. సిబ్బంది వాట్సాప్ గ్రూపు పూలగుత్తులతో, దండాలతో నిండిపోయింది. అభినందించమని పైనుంచి ఆదేశం వచ్చిందనుకున్నారందరూ. స్టాఫ్ సెక్రటరీ శ్రీశైలం మరో అడుగు ముందుకేసి, శాలువా కొనడానికి చిక్కడపల్లి బయలుదేరాడు.

ప్రిన్సిపాల్ గారు పిలిపించారు. ఆయన ముఖం వెలిగిపోతోంది. ఫైలు మీద స్వీటు డబ్బా అలాగే ఉంది.

"ఇన్ని రాశానని నాకే గుర్తు లేదమ్మా," అన్నారాయన.

"సార్, అవి..." అని సంయుక్త మొదలుపెట్టేలోగా ఫోను మోగింది. కమిటీ అధ్యక్షురాలు ప్రొఫెసర్ దమయంతి గారు. హిమాయత్‌నగర్‌లో టిఫిన్ చేస్తూ కాలేజీ సైటు చూస్తున్నారట. ఆ మాట సంయుక్త కూడా వినాలని ఆయన స్పీకర్ పెట్టారు.

"మూర్తి గారూ, మీ కోళ్ళ పేపర్ చూస్తున్నాను. నాదీ జువాలజీయే. నులిపురుగుల మీద ఇరవై ఏళ్ళు పనిచేశాను. కామర్స్ వారికి ఈ ఆసక్తి ఎలా కలిగిందో, వచ్చాక తీరిగ్గా మాట్లాడుకుందాం."

ఫోను పెట్టాక ఆయన సంయుక్త వైపు తిరిగారు. "నేను కోళ్ళ మీద రాశానా?" అని నెమ్మదిగా అడిగారు.

"రెండో పేరు సార్."

బాలకిషన్‌ను పిలిపించి, అరగంటలో నులిపురుగుల గురించి తనకు నేర్పమన్నారు. బాలకిషన్ చేతులు కట్టుకుని నిలబడి, తన మొదటి పేరు కూడా మర్యాదకు పెట్టిందేనని, పని మొత్తం అప్పట్లో ఎమ్మెస్సీ చదివిన త్రివేణి అనే అమ్మాయి చేసిందని, మూడో పేరు ఆమెదేనని ఒప్పుకున్నాడు.

"నువ్వు ఏమీ చూడలేదా?"

"కోడిని చూసిన సార్."

ప్రిన్సిపాల్ గారు కుర్చీలోంచి లేచారు. "సంయుక్తా, నేను రాయనివాటి మీద నా పేరు వద్దు. తీసేయి. వాళ్ళు వచ్చేలోపు అయిపోవాలి."

గడియారం పదీ ఇరవై చూపిస్తోంది. ఒక్కో పేపర్ తెరిచి పేరు తీయాలంటే మధ్యాహ్నం దాటుతుంది. సంయుక్త వెబ్‌సైట్ కంపెనీలో పనిచేసే ఫణీంద్రకు ఫోన్ చేసింది. అతను నల్లకుంటలో బండి మీద ఉన్నాడు. హారన్ల మధ్య నుంచే దారి చెప్పాడు: సార్ పేరుతో వెతకాలి, వచ్చినవాటన్నిటినీ ఎంచుకోవాలి, కింద "తొలగించు" నొక్కాలి. తొలగేది పేరా, పేపరా అని సంయుక్త అడిగింది. అప్పటికే అతను పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. సూచనల పుస్తకంలో వెతుకుదామంటే పది ముప్పై అయిదు. ఆయన సొంత పేపర్లు రెంటినీ తర్వాత మళ్ళీ పెట్టవచ్చనుకుని, జీవితంలో మొదటిసారి పుస్తకం చూడకుండా ఒక మీట నొక్కింది.

తొలగినవి పేపర్లు. శాఖల పేజీలతో సహా అన్నిచోట్ల నుంచీ అరవై మూడూ పోయాయి. మొదటి పేజీలో "మా కళాశాల ప్రచురణలు: 66" అని ఉండే చోట "3" అని ఉంది.

ఈసారి ఫణీంద్ర ఎత్తాడు. "ఏం పరేషాన్ కాకు అక్కా. పోలే, దాగినయ్ అంతే. ఒక్కొక్కటి తెరిచి మళ్ళ పెట్టుకోవాలె. రేపటికల్ల అయితది."

కిటికీ బయట కమిటీ కారు గేటు దాటి లోపలికి వస్తోంది.

మిగిలిన మూడింటిలో రెండు, రిటైరైపోయి ఎవరి సంతకమూ అక్కర్లేని ఒక తెలుగు మాష్టారివి. మూడోది సంయుక్తది, పాత పత్రికల పట్టిక.

సమావేశం గదిలో ప్రిన్సిపాల్ గారు పెద్ద తెర మీద సైటు తెరిచి, "మా వాళ్ళ పరిశోధన..." అంటూ తెర వైపు తిరిగి, అక్కడే ఆగిపోయారు. మూడు వరసలు కనిపిస్తున్నాయి. ఆయన సంయుక్త వైపు చూశారు. ఆమెకు నెలాఖరు కనిపించింది. హాస్టల్లో అందరికీ మా బిడ్డ కాలేజీలో చేస్తదని చెప్పుకునే తల్లి కనిపించింది. అంతలోనే శ్రీశైలం శాలువా పట్టుకుని లోపలికి వచ్చి, ఎవరికి కప్పాలో తెలియక తలుపు దగ్గర నిలబడిపోయాడు.

"పొద్దున అరవై పైగా చూశాను. ఈ సైటు ఎవరు చూసుకుంటారు?" అని దమయంతి గారు అడిగారు.

అందరి తలలూ ఒకేసారి తిరిగాయి. సంయుక్త లేచి నిలబడింది. "సర్వర్ డౌన్ అను," అని వెనక నుంచి బాలకిషన్ గొణిగాడు. అది అనడం తేలిక. కానీ నోటికి అబద్ధం అందేలోపు నిజం వచ్చేసింది.

"నేనే మేడం. పొద్దున సార్ పేజీల సార్ రాయనివి గూడ వచ్చినయ్. సార్ చూసి, నేను రాయనివాటి మీద నా పేరు వద్దు, తీసెయ్ అన్నరు. తీసేటప్పుడు నా తప్పు వల్ల అన్ని పోయినయ్. రేపటికల్ల పెడుత."

అందులో అబద్ధం ఒక్కటీ లేదు. 

దమయంతి గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఈ వారంలో ఇది ఆరో కాలేజీ అని, అయిదు చోట్ల ప్రిన్సిపాళ్ళు అన్ని శాస్త్రాల్లోనూ పండితులేనని, రాయనిదాని మీద నా పేరు వద్దన్న మనిషిని ఇక్కడే చూస్తున్నానని అన్నారు. తర్వాత తెర మీద మూడో వరస చూపించి, ఆ పత్రికలు నిజంగా ఉన్నాయా అని అడిగారు. సంయుక్త లైబ్రరీకి తీసుకెళ్ళింది. పట్టికలో ఏ అరలో ఏ కట్ట అని రాసి ఉందో, ఆ అరలో ఆ కట్టే ఉంది. చదువుకునే రోజుల్లో తాను వెతికి దొరక్క వదిలేసిన ఒక పాత సైన్సు పత్రిక దుమ్ము పట్టకుండా కనిపించేసరికి, దమయంతి గారు అక్కడే కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కోళ్ళ సంగతి మళ్ళీ ఎత్తలేదు. వెళ్ళేటప్పుడు శ్రీశైలం ఇక ఆగలేక ఆ శాలువా ఆవిడకే కప్పేశాడు.

ఆ సాయంత్రం ప్రిన్సిపాల్ గారు స్వీటు డబ్బా ఎత్తారు, క్యాలెండర్ ఎత్తారు, ఫైలు మీద సంతకం పెట్టారు. ఆయన సొంత పేపర్లు రెండూ రాత్రిలోపు తిరిగి పెడతానని సంయుక్త అంది. ఆయన తల అడ్డంగా ఊపారు. "వద్దులేమ్మా. ఏ ఒక్క ప్రచురణ మీదా ప్రిన్సిపాల్ పేరు లేదని రిపోర్టులో మెచ్చుకుంటూ రాసుకున్నారావిడ. అలాగే ఉండనీ."

ఇంటికి వెళ్ళి చెబితే, హనుమమ్మ బిడ్డ ముఖం వైపు పరీక్షగా చూసి, "గా రెండు నెలల కిందనే ఏదన్న చెడగొడితె సంతకం అప్పుడే అయిపోవు గద," అంది.

మర్నాడు నోటీసు వచ్చింది. ఇకమీదట ప్రతి పేపర్‌కూ కొత్తగా ఫారం నింపాలి, రాసిందెవరో సంయుక్త విచారించి సంతకం పెడితేనే అది సైటు ఎక్కుతుంది. సోమవారం పొద్దున్నే బాలకిషన్ అందరికన్నా ముందు వచ్చి కోళ్ళ ఫారం బల్ల మీద పెట్టాడు. త్రివేణి పేరు మొదటికి వచ్చింది, అతని పేరు మూడోదానికి దిగింది. "జర చూసి సంతకం పెట్టు తల్లీ," అన్నాడు, ఎన్నడూ లేనంత మర్యాదగా. సంయుక్త ఫారం పైనుంచి కిందిదాకా చదివి, ఎర్ర పెన్ను తీసింది.

సాయంత్రానికి ఆమె పదకొండు ఫారాల మీద రెండో పేరు కొట్టేసింది. పదకొండింటి మీదా అది సంయుక్త పేరే.